వెతోన్ లెక్క కుదరకపోతే నిఖా ఆగాలా? జావా ముస్లింల పెళ్లి లెక్కపై షరియా ఏమంటుంది

మన ఇళ్లలో సంబంధం మాట అనుకోగానే ముందు అడిగేది జాతకం. తమిళనాడులో స్థిరపడ్డవాళ్లకు పది పొరుత్తాలు తెలుసు. మహారాష్ట్రలో ఉన్నవాళ్లకు 36 గుణాల లెక్క తెలుసు. ఇలాంటి లెక్కలు హిందూ కుటుంబాల్లోనే ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఇండోనేషియాలోని జావా దీవిలో తరతరాలుగా ముస్లింలైన కుటుంబాలు కూడా పెళ్లికి ముందు ఇలాంటి లెక్కే ఒకటి వేస్తాయి. అబ్బాయి, అమ్మాయి పుట్టిన రోజులకు అంకెలు వేసి, కూడి, భాగించి, ఆ జంట కలిసి బతుకుతుందా లేదా చెబుతాయి. దాన్ని అక్కడ ‘పెతుంగాన్’ అంటారు. లెక్క అని అర్థం.

ఇది చిన్న సమూహం సంగతి కాదు. 2010 జనగణన ప్రకారం ఇండోనేషియా జనాభాలో దాదాపు 40 శాతం జావా జాతివారే. వారిలో అత్యధికులు ముస్లింలు. ఈ లెక్క కుదరక విడిపోయిన జంటలు ఉన్నాయి. తండ్రి ఒప్పుకోక కోర్టు మెట్లెక్కిన ఆడపిల్లలు ఉన్నారు. అందుకే అక్కడి ఉలమాలు, న్యాయస్థానాలు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వచ్చింది: పుట్టినరోజు లెక్క కుదరలేదని నిఖా ఆపే హక్కు ఎవరికైనా ఉందా? ఆ జవాబును అర్థం చేసుకోవాలంటే ముందు లెక్క ఏమిటో చూడాలి.

వెతోన్ అంటే ఏమిటి

జావా వారికి రెండు వారాలు ఉంటాయి. ఒకటి మనకు తెలిసిన ఏడు రోజుల వారం. రెండోది ఐదు రోజుల వారం. దాని రోజుల పేర్లు లెగి, పహింగ్, పోన్, వగే, క్లివోన్. వీటిని ‘పసరాన్’ అంటారు. ‘పసార్’ అంటే సంత. ఒక్కో ఊళ్లో ఐదు రోజులకోసారి సంత జరిగే పద్ధతి నుంచి ఈ వారం వచ్చింది. సోలో నగరంలో లెగి సంత, కుదుస్‌లో క్లివోన్ సంత, కెదిరిలో పహింగ్ సంత అనే పేర్లు నేటికీ ఉన్నాయి. మన దగ్గర మంగళవారం సంత, ఆదివారం సంత అన్నట్టే.

ఈ రెండు వారాలూ పక్కపక్కనే నడుస్తాయి. ఏడు వారాలను ఐదు సంతరోజులతో జత కడితే 35 జతలు వస్తాయి. మనిషి ఏ జత రోజున పుట్టాడో అదే అతని ‘వెతోన్’. బయటికి రావడం, పుట్టడం అనే అర్థం ఉన్న జావా మాట నుంచి వచ్చిన పేరు అది. ఆ జత 35 రోజులకోసారి మళ్లీ వస్తుంది. ఇండోనేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 1945 ఆగస్టు 17 శుక్రవారం లెగి. అక్కడి పెద్దలు ఆ రోజును అలాగే గుర్తుంచుకుంటారు.

ఒక చిన్న సంగతి గమనించాలి. జావా లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. గురువారం మగ్రిబ్ తర్వాత పుట్టిన బిడ్డ శుక్రవారం బిడ్డే. ఈ తేడా తెలియక తప్పు వెతోన్ రాసుకున్న కుటుంబాలు కూడా ఉంటాయి.

లెక్క ఎలా కడతారు

ప్రతి వారానికీ, ప్రతి సంతరోజుకూ ఒక విలువ ఉంది. దాన్ని ‘నెప్తు’ అంటారు.

వారాల విలువలు: ఆదివారం 5, సోమవారం 4, మంగళవారం 3, బుధవారం 7, గురువారం 8, శుక్రవారం 6, శనివారం 9.

సంతరోజుల విలువలు: లెగి 5, పహింగ్ 9, పోన్ 7, వగే 4, క్లివోన్ 8.

ఒక మనిషి నెప్తు అంటే ఈ రెండింటి కూడిక. అన్నిటికన్నా తక్కువ మంగళవారం వగే, 7. అన్నిటికన్నా ఎక్కువ శనివారం పహింగ్, 18. కాబట్టి ఏ జంట మొత్తమైనా 14కూ 36కూ మధ్యే ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. అబ్బాయి శనివారం పోన్ నాడు పుట్టాడు: 9, 7 కలిపి 16. అమ్మాయి శుక్రవారం లెగి నాడు పుట్టింది: 6, 5 కలిపి 11. ఇద్దరి మొత్తం 27. బాగా వాడుకలో ఉన్న పద్ధతిలో ఈ మొత్తాన్ని 8తో భాగిస్తారు. మిగిలిన శేషానికి ఒక పేరు ఉంటుంది.

1 వస్తే పెగాత్: తెగిపోవడం, విడాకులు.
2 వస్తే రాతు: రాజు, రాణిలా గౌరవంగా బతకడం.
3 వస్తే జోదో: ఒకరికోసం ఒకరు పుట్టినవాళ్లు.
4 వస్తే తొపొ: తపస్సు. మొదట్లో కష్టాలు, తర్వాత సుఖం.
5 వస్తే తినారి: అదృష్టం, సులువుగా సంపాదన.
6 వస్తే పాదు: ఎప్పుడూ గొడవలు, కానీ విడిపోరు.
7 వస్తే సుజనాన్: అనుమానాలు, అక్రమ సంబంధాలు.
శేషం లేకపోతే పెస్తి: చివరిదాకా ప్రశాంతమైన కాపురం.

మన ఉదాహరణలో 27ను 8తో భాగిస్తే శేషం 3. అంటే జోదో. రెండు ఇళ్లలోనూ సంతోషమే.

ఒకే జంట, రెండు తీర్పులు

ఇలాంటి లెక్కలన్నిటినీ రాసిపెట్టుకునే పుస్తకాలను ‘ప్రింబోన్’ అంటారు. యోగ్యకర్త నుంచి అచ్చయిన ‘బెతల్‌జెముర్ ఆదమ్మక్న’ వాటిలో పేరుమోసినది. ఇల్లు కట్టడం, ప్రయాణం, కల, తుమ్ము, పెళ్లి, ఇలా అన్నిటికీ ప్రింబోన్లలో లెక్కలు ఉంటాయి. అయితే పెళ్లికి ఉన్నది ఒక్క లెక్క కాదు. 4తో, 5తో, 7తో, 8తో, 9తో భాగించే పద్ధతులు ఉన్నాయి. పేర్లలోని అక్షరాలకు అంకెలు వేసే పద్ధతి వేరే ఉంది.

పైన చెప్పిన ఎనిమిది పేర్లకే మరో పట్టిక కూడా చలామణిలో ఉంది. అందులో భాగించేది 9తో. శేషం 1 వచ్చినా, శేషం లేకుండా పోయినా పెగాత్. మిగతా పేర్లు 2 నుంచి 8 దాకా అదే వరసలో వస్తాయి. ఇప్పుడు మన జంట మొత్తం 27ను 9తో భాగించి చూడండి. శేషం లేదు. అంటే పెగాత్, విడాకులు! ఒక పట్టిక ‘ఒకరికోసం ఒకరు పుట్టారు’ అన్న జంటనే రెండో పట్టిక ‘తెగిపోతుంది’ అంటోంది.

ఇది ఒక్క 27 సంగతే కాదు. 14 నుంచి 36 దాకా ప్రతి మొత్తానికీ మేము రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చూశాం. ఒక్క మొత్తానికీ రెండింటిలో ఒకే పేరు రాలేదు. 26, 29, 32, 35 లాంటి మొత్తాలకు రెండు పట్టికలూ మంచే చెబుతాయి, పేర్లు మాత్రం వేరు. 18, 19, 27 అయితే మొదటిదాంట్లో శుభం, రెండోదాంట్లో విడాకులు. 17 అయితే మొదటిదాంట్లో విడాకులు, రెండోదాంట్లో చివరిదాకా ప్రశాంతత. సంబంధం నిలవడం, చెడడం ఆ ఇంటి పెద్ద దగ్గర ఏ పుస్తకం ఉందన్నదాని మీద ఆధారపడి ఉందన్నమాట. ఈ సంగతి జావా కుటుంబాలకు తెలియనిది కాదు. ఒక పద్ధతిలో కుదరకపోతే కుదిరే ఇంకో పద్ధతి వెతికే పెద్దలు కూడా అక్కడ ఉన్నారు.

కూడికతో ఆగదు

లెక్క కుదిరినా మరికొన్ని అడ్డంకులు ఉన్నాయి. వగే నాడు పుట్టినవారికీ పహింగ్ నాడు పుట్టినవారికీ పెళ్లి చేయకూడదంటారు. దాన్ని ‘గెయెంగ్’ అంటారు. ఒక ఇంటి మొదటి సంతానానికీ మరో ఇంటి మూడో సంతానానికీ కుదరదంటారు. అది ‘జిలు’, అంటే ఒకటీ మూడూ. పెళ్లికొడుకు ఇంటి నుంచి పెళ్లికూతురి ఇంటికి ఉత్తరం దిక్కుగా వెళ్లి పడమరకు తిరగాల్సి వస్తే ‘ఙాలోర్ ఙులోన్’ అని భయపడతారు. ఇవి ముఖ్యంగా జావా తూర్పు, మధ్య ప్రాంతాల పల్లెల్లో గట్టిగా ఉన్నాయి.

నెల పట్టింపు కూడా ఉంది. ముహర్రం నెలను జావాలో ‘సురో’ అంటారు. ఆ నెలలో పెళ్లి పెట్టుకోవడానికి చాలామంది జంకుతారు. మన దక్కన్‌లో ముస్లిం కుటుంబాలు ముహర్రంలో పెళ్లిళ్లు మానుకోవడం, సఫర్ నెల మొదటి 13 రోజులను ‘తేరా తేజీ’ అని కీడుగా చూడటం గుర్తున్నవారికి ఇది కొత్తగా అనిపించదు.

ముస్లింల ఇంట్లోకి ఈ లెక్క ఎలా వచ్చింది

వచ్చింది అనడంకంటే ఉండిపోయింది అనాలి. ఇస్లాం రాకముందు జావాలో హిందూ, బౌద్ధ రాజ్యాలు నడిచాయి. వారాల పాత పేర్లు చూస్తే చాలు: రదితె, సోమ, అంగ్గర, బుద, రెస్పతి, సుక్ర. తెలుగువారికి వీటిని వివరించనక్కర్లేదు. నేడు వాడే అహద్, సెనిన్, సెలస, రబు, కమిస్, జుమత్, సబ్తు మాత్రం అరబీ నుంచి వచ్చినవి. ఐదు సంతరోజుల పేర్లు జావావే. వెతోన్ అనే ఒక్క జతలోనే ఈ రెండు పొరలూ కలిసి కనిపిస్తాయి. శుక్రవారం క్లివోన్ అంటే సగం అరబీ, సగం జావా.

ఈ కలయికకు రాజముద్ర వేసింది మతరామ్ రాజ్యాన్ని 1613 నుంచి 1645 దాకా ఏలిన సుల్తాన్ అగుంగ్. అప్పటిదాకా అక్కడ శక సంవత్సరం నడిచేది. మన పంచాంగంలో శాలివాహన శకం అని రాసుకునేది అదే లెక్క. ఆయన 1633లో శక సంవత్సరం 1555 అంకెను అలాగే ఉంచి, దాన్ని హిజ్రీ చాంద్రమాన నెలలతో నడిపించాడు. 1633 జూలై 8, శుక్రవారం లెగి, కొత్త క్యాలెండర్ మొదటి రోజు. అంకె శకానిది, నెలలు ఇస్లాంవి, సంతరోజులు జావావి. చాంద్రమాన సంవత్సరం దాదాపు 11 రోజులు తక్కువ కాబట్టి జావా సంవత్సరం అంకె ఇప్పుడు మన శక సంవత్సరం అంకెను దాటి ముందుకు పోయింది.

అందుకే జావా పెద్దవారికి ఈ లెక్క వేరే మతం ఆచారంలా అనిపించదు. నమాజు వేళలు, రంజాను నెల, వెతోన్ అన్నీ ఒకే క్యాలెండర్ గోడ మీద వేలాడుతుంటాయి. అమెరికన్ మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1950లలో తూర్పు జావాలో ఉండి చేసిన అధ్యయనం 1960లో పుస్తకంగా వచ్చింది. పెతుంగాన్‌ను ఆయన అందులో వివరంగా రాశారు. మనిషి బతుకు లోకం నడకతో ఢీకొనకుండా సర్దుకుపోవాలన్న భావం దాని వెనక ఉందని ఆయన చూపారు. దాన్ని పాటించేవారు దేవుణ్ణి కాదంటున్నామని అనుకోరు. జాగ్రత్తపడుతున్నామనే అనుకుంటారు.

నిఖాకు షరియా అడిగేది ఏమిటి

ఇండోనేషియా ముస్లింలలో ఎక్కువమంది షాఫియీ ఫిఖ్‌ను పాటిస్తారు. దాని ప్రకారం నిఖాకు మూలస్తంభాలు ఐదు: పెళ్లికొడుకు, పెళ్లికూతురు, పెళ్లికూతురి తరఫు వలీ, ఇద్దరు సాక్షులు, ఈజాబ్ ఖబూల్ మాటలు. 1991లో రాష్ట్రపతి ఉత్తర్వుతో వచ్చిన ఇండోనేషియా ఇస్లామిక్ చట్ట సంకలనం కూడా 14వ అధికరణంలో ఈ ఐదింటినే చెప్పింది. పెళ్లి ఇద్దరి ఇష్టంతోనే జరగాలని 16వ అధికరణం అంటుంది. 1974 వివాహ చట్టం ప్రకారం ఎవరి మతం ప్రకారం వారు చేసుకున్న పెళ్లి చెల్లుతుంది. వీటిలో ఎక్కడా వెతోన్ లేదు.

పెళ్లి కుదరని సందర్భాలను కూడా షరియా విడిగా చెప్పింది. రక్తసంబంధం, పాల సంబంధం, పెళ్లి వల్ల ఏర్పడిన చుట్టరికం, ఇద్దత్ గడువు, అప్పటికే ఉన్న భర్త వంటివి అవి. సంతరోజు ఆ జాబితాలోకి రాదు. కాబట్టి మొత్తం పెగాత్ వచ్చినా, జిలు అయినా, గెయెంగ్ అయినా, ఆ నిఖా చెల్లుతుంది. ఈ విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం లేదు.

ఈడుజోడును షరియా పట్టించుకోదా అంటే పట్టించుకుంటుంది. దాన్ని ‘కఫాఅత్’ అంటారు. స్త్రీని ఆస్తి, వంశం, అందం, ధర్మనిష్ఠ అనే నాలుగు కారణాలతో పెళ్లాడతారని, ధర్మనిష్ఠ ఉన్నవారిని ఎంచుకోమని ముహమ్మద్ ప్రవక్త చెప్పినట్టు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. అన్నీ మనిషిని చూసి తెలుసుకోగలిగినవే. ఇండోనేషియా సంకలనం 61వ అధికరణం ఇంకో అడుగు ముందుకు వేసి, మతభేదం తప్ప మరే కఫాఅత్ లోపాన్నీ పెళ్లి ఆపడానికి కారణంగా చూపకూడదని తేల్చింది.

శకునం దగ్గర షరియా గీసిన గీత

పెళ్లి చెల్లుతుందా అన్నది ఒక ప్రశ్న. లెక్క చూడటం తప్పా అన్నది రెండో ప్రశ్న. ఇక్కడ మూడు విషయాలు కలుస్తాయి.

మొదటిది గైబ్, కంటికి కనపడనిది. రేపు ఎవరికి ఏమి జరుగుతుందో దేవుడికి తప్ప ఎవరికీ తెలియదని ఖుర్ఆన్ లుఖ్మాన్ అధ్యాయం చివరి వాక్యం చెబుతుంది. ఈ జంట విడిపోతుందని అంకె చెప్పిందనడం ఆ జ్ఞానం మనకు ఉందనడమే.

రెండోది తియరా, అపశకునం. ఇస్లాంకు ముందు అరబ్బులు పక్షి ఎటు ఎగిరిందో చూసి ప్రయాణం మానుకునేవారు. ఆ మాట అక్కడి నుంచే వచ్చింది. అపశకునం అనేది లేదని, సఫర్ నెలలో కీడేమీ లేదని ప్రవక్త చెప్పినట్టు హదీసుల్లో ఉంది. షవ్వాల్ నెలలో పెళ్లి కలిసిరాదని కూడా వారు నమ్మేవారు. తన పెళ్లి షవ్వాల్‌లోనే జరిగిందని, తనకంటే భర్త ప్రేమ పొందిన భార్య ఎవరని ఆయిషా అడిగినట్టు ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. సురో నెలకు భయపడే జావా కుటుంబాలకు అక్కడి వక్తలు తరచు గుర్తుచేసేది ఈ హదీసునే.

మూడోది జోస్యుడి దగ్గరకు పోవడం. జోస్యుణ్ణి అడిగినవారి నమాజు నలభై రాత్రులు స్వీకరించబడదని మరో హదీసు. ఇంట్లో తాతగారు వేళ్ల మీద లెక్కపెట్టడం, డబ్బు తీసుకుని భవిష్యత్తు చెప్పేవాడి దగ్గరకు వెళ్లడం ఒకటి కావని కొందరు అంటారు. ఫలితాన్ని నమ్మి నడుచుకుంటే రెండూ ఒకటేనని మరికొందరు అంటారు.

‘ఇది ఆచారమే కదా’ అన్న వాదన

వెతోన్‌ను సమర్థించేవారు ఫిఖ్‌లోంచే ఒక సూత్రం తెస్తారు. ఆచారానికి చట్టంలో విలువ ఉంది అన్నది ఆ సూత్రం. అరబీలో ఆచారాన్ని ‘ఉర్ఫ్’ అంటారు. నిజమే, మహర్ ఎంత, విందు ఎలా, ఏ బట్టలు వంటి ఎన్నో విషయాలను షరియా ఊరి ఆచారానికే వదిలేసింది.

కానీ ఫిఖ్ పండితులు ఉర్ఫ్‌ను రెండుగా విడదీశారు. ధర్మానికి ఎదురు తిరగనిది మంచి ఆచారం. ధర్మం కాదన్నదాన్ని అవునన్నా, ఇచ్చిన హక్కును లాక్కున్నా అది చెడ్డ ఆచారం. ఎంత పాతదైనా, ఎంతమంది పాటించినా రెండోదానికి చట్టం విలువ రాదు. వెతోన్‌ను ఈ గీటురాయి మీద పెడితే ఒకే ఆచారంలో వేర్వేరు ముక్కలు కనిపిస్తాయి. పుట్టినరోజును జావా పద్ధతిలో గుర్తుంచుకోవడంలో తప్పేమీ లేదు. బంధువులందరికీ వీలైన రోజు చూసి పెళ్లి పెట్టుకోవడంలోనూ లేదు. అంకె మేలూ కీడూ చేస్తుందని నమ్మడం తౌహీద్‌కు తగిలే విషయం. ఆ అంకెతో యోగ్యుడైన వరుణ్ణి తిప్పి పంపడం మరో మనిషి హక్కుకు తగిలే విషయం.

ఈ మధ్యలో ఉన్న బూడిదరంగు చోటు గురించి జావా మదరసాల్లో చదివే ‘బుగ్యతుల్ ముస్తర్‌షిదీన్’ అనే షాఫియీ ఫత్వాల గ్రంథంలో ఒక చర్చ ఉంది. ఫలానా రోజు పెళ్లికి మంచిదా అని అడిగితే జవాబే చెప్పనక్కర్లేదని, అలాంటి నమ్మకాన్ని ధర్మం గట్టిగా వారించిందని అది మొదలవుతుంది. తర్వాత, చేసేవాడు దేవుడొక్కడే అని నమ్ముతూ, ఫలానా రోజున ఫలానాది జరగడం దేవుడు పెట్టిన వాడుక అని మాత్రమే అనుకుంటే పర్వాలేదని ఇమామ్ షాఫియీ అన్నట్టు ఇబ్నుల్ ఫిర్కాహ్ చెప్పిన మాటను ఉదహరిస్తుంది. వెంటనే, జమ్లకానీ దాన్ని పూర్తిగా నిషిద్ధమన్నారని కూడా చెబుతుంది.

1926లో పుట్టిన నహ్దతుల్ ఉలమా సంప్రదాయంలోని కియాయిలు చాలామంది ఈ చర్చ ఆధారంగానే మెత్తగా మాట్లాడతారు. పెద్దల మనసు నొప్పించకుండా రోజు మార్చుకోండి, నమ్మకం మాత్రం దేవుడి మీదే ఉంచండి అంటారు. 1912లో యోగ్యకర్తలో మొదలైన ముహమ్మదియా మాత్రం మూఢనమ్మకాలను ఊడ్చేయడమే తన పనిగా పెట్టుకున్న సంస్థ. పెళ్లికి వెతోన్ చూడటాన్ని ఆ సంప్రదాయం ఒప్పుకోదు. ఇద్దరి దారులూ వేరు. కానీ ఒక్క చోట ఇద్దరూ కలుస్తారు: లెక్క కుదరలేదని నిఖా చెల్లకుండా పోదు.

తండ్రి ససేమిరా అంటే

అసలు చిక్కు ఇక్కడ ఉంది. షాఫియీ ఫిఖ్‌లో పెళ్లికొడుకుకు వలీ అక్కర్లేదు. పెళ్లికూతురికి కావాలి, మొదటి వలీ తండ్రి. కాబట్టి లెక్క కుదరలేదని అబ్బాయి తండ్రి అలిగితే పెళ్లి బాధతో జరుగుతుంది. అమ్మాయి తండ్రి అలిగితే పెళ్లే జరగదు. ఒకే అంకె బరువు ఇద్దరి మీదా సమానంగా పడదు.

షరియా దీన్ని ముందే చూసింది. యోగ్యుడైన వరుడు వచ్చి, అమ్మాయి ఇష్టపడితే, ధర్మం ఒప్పే కారణం లేకుండా వలీ ఆపడాన్ని ‘అదల్’ అంటారు. అది తప్పు. ప్రవక్త అనుచరుడు మఅఖిల్ బిన్ యసార్ తన చెల్లెలు విడిపోయిన భర్తను మళ్లీ పెళ్లాడతానంటే కోపంతో అడ్డుపడ్డాడు. అప్పుడే స్త్రీలను అలా ఆపవద్దని బఖరా అధ్యాయం 232వ వాక్యం వచ్చిందని, వెంటనే ఆయన తన పట్టు వదిలి పెళ్లి చేశాడని బుఖారీలో ఉంది. ఆయన కోపానికి కనీసం ఒక కారణం ఉంది, చెల్లెలిని ఒకసారి వదిలేసినవాడు ఆ భర్త. దాన్నే ధర్మం ఒప్పుకోనప్పుడు అంకెను ఎలా ఒప్పుకుంటుంది?

ఇండోనేషియాలో దీనికి దారి ఉంది. అమ్మాయి తన ఊరి మత వ్యవహారాల కార్యాలయానికి వెళ్తుంది. వలీ ఒప్పుకోలేదు కాబట్టి నిఖా చేయలేమని అక్కడ రాసిస్తారు. ఆ కాగితంతో మత న్యాయస్థానంలో అర్జీ పెట్టుకోవాలి. న్యాయమూర్తి తండ్రిని పిలిపించి కారణం అడుగుతారు. ధర్మం ఒప్పే కారణం ఉంటే అర్జీ కొట్టేస్తారు. లేకపోతే వలీ అకారణంగా ఆపుతున్నాడని తీర్పిస్తారు. ఆ తీర్పు వచ్చాకే, సంకలనం 23వ అధికరణం ప్రకారం, ప్రభుత్వం తరఫు వలీ ఆ నిఖా చేయించవచ్చు. వెతోన్ కారణంగా వచ్చిన ఇలాంటి అర్జీలు జావా న్యాయస్థానాలకు కొత్త కాదు. లెక్క కుదరకపోవడం షరియా కారణం కాదన్నదే ఆ కేసుల్లో ముఖ్యమైన మాట.

తీర్పుతో నిఖా జరుగుతుంది. కానీ తండ్రి రాని పెళ్లి ఏ ఆడపిల్లకైనా భారమే. తర్వాత కాపురంలో బిడ్డకు జబ్బు చేసినా, వ్యాపారం దెబ్బతిన్నా ‘మేము అప్పుడే చెప్పాం’ అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. నష్టపోని కాపురం ఎక్కడా ఉండదు కాబట్టి ఆ మాటకు ఎప్పుడో ఒకప్పుడు అవకాశం దొరుకుతుంది. లెక్క కుదిరిన జంట విడిపోతే మాత్రం ఎవరూ పుస్తకాన్ని తప్పుపట్టరు. వెతోన్ భయం తరాలు దాటడానికి ఇదొక కారణం.

కుటుంబాలు వెతుక్కునే మధ్యదారి

అందుకే కోర్టు దాకా పోకముందే సర్దుకోవాలని జావా కుటుంబాలు చూస్తాయి. ఇద్దరి వెతోన్‌లను మార్చలేం, పెళ్లి రోజును మార్చగలం. కాబట్టి పెళ్లికి మంచి రోజు పెట్టి దోషం పోయిందనుకుంటారు. ఇరుగుపొరుగును పిలిచి దువా చదివించి భోజనం పెట్టే ‘స్లమెతాన్’ చేస్తారు. దోషం పోగొట్టడానికి అన్న నమ్మకంతో కాకుండా దానంగా, ప్రార్థనగా చేస్తే అందులో అభ్యంతరం లేదని మెత్తని దారివారు అంటారు.

షరియా సూచించే దారి రెండు మాటల్లో ఉంది: విచారించడం, ఇస్తిఖారా చేయడం. అబ్బాయి నడవడిక, అప్పులు, కోపం, ఆరోగ్యం గురించి తెలిసినవారిని అడగాలి. తర్వాత రెండు రకాతుల నమాజు చదివి, మేలైతే దగ్గర చేయమని, కీడైతే దూరం చేయమని దేవుణ్ణి అడగాలి. ఇది భవిష్యత్తు చెప్పే పద్ధతి కాదు, నిర్ణయం తీసుకునే మనిషి మనసు కుదుటపడే పద్ధతి.

తల్లిదండ్రులతో మాట్లాడే తీరు గురించి కూడా ఉలమాలు చెబుతారు. వారి మాట వినడం బాధ్యతే, ధర్మం కాదన్నదాంట్లో మాత్రం కాదు. అప్పుడు కూడా కసురుకోకూడదు. ‘మీది మూఢనమ్మకం’ అని ముఖం మీద అనేకన్నా, ‘నాన్నా, అబ్బాయిలో మీకు కనబడిన లోపం ఏమిటి?’ అని అడగడం మేలు. చాలాసార్లు అసలు జవాబు అప్పుడే బయటపడుతుంది. డబ్బు చాలదనో, దూరం ఊరనో, ఆ కుటుంబం నచ్చలేదనో ఉంటుంది. లెక్క కుదరలేదనడం మర్యాదగా వద్దనే మార్గం కూడా.

మన మాట

మేము ఈ విషయం రాయడానికి కారణం ఇదే. ‘జాతకాలు కలవలేదు’ అన్న మాట వెనక కట్నం, కులం, పిల్ల రంగు దాగి ఉండటం మన ఇళ్లలోనూ చూస్తున్నాం. సొంత రాష్ట్రానికి దూరంగా, సంబంధాలు దొరకడమే కష్టమైన మన కుటుంబాల్లో ఒక మంచి సంబంధం పోతే మళ్లీ వచ్చేదాకా ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు ఎక్కువగా ఆడపిల్ల వయసులోంచే పోతాయి.

జావా ఉలమాలు, న్యాయమూర్తులు వెతోన్‌ను నిషేధించి పుస్తకాలు తగలబెట్టలేదు. వారు పెట్టిన షరతు చిన్నది: అంకెను గుర్తుంచుకోండి, కావాలంటే రోజు చూసుకోండి, కానీ ఇద్దరు మనుషుల మధ్య ‘వద్దు’ అనే హక్కు అంకెకు ఇవ్వకండి. వద్దనాలంటే ధర్మం ఒప్పే కారణం చెప్పండి. ఈ షరతు ఏ మతం ఇంట్లోనైనా, ఏ పంచాంగం ముందైనా పనికొస్తుందని మా అభిప్రాయం.